అయిదో వరస

డాక్టర్ హేమచంద్రకి ఒక్క మాట అస్సలు గిట్టేది కాదు. ఆ మాట ‘చూద్దాం’.

మా పెద్ద డాక్టరమ్మ పేరిందేవి గారు ముప్ఫయ్యేళ్ళుగా ఆ ఒక్క మాట మీదే ఆసుపత్రి నడిపారు. కంట్లో రక్తనాళం మూసుకుపోయి, కంటి వెనక తెర వాచి, లోకమంతా మసకేసిన వాళ్ళు వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని ఒకటే అడుగుతారు. “చూపొస్తుందా అమ్మా?” ఆవిడా ఒకటే చెబుతారు. “ఇంజెక్షన్ వేద్దాం. చూద్దాం.”

హేమచంద్ర ఆవిడ దగ్గర కంటితెర వైద్యం నేర్చుకోడానికి వచ్చిన కుర్రాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మంచి చెయ్యి. అతను కంట్లో సూది దింపితే దోమ కుట్టినంత కూడా ఉండదు. ఓ రోజు భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగేశాడు.

“మేడమ్, మీరు చూద్దాం అంటే వాళ్ళు ఇంటికెళ్ళి ఏమనుకుంటారో తెలుసా? డాక్టరుకే తెలీదు అనుకుంటారు. ఒక్క ఇంజెక్షన్‌తో ఆపేసి కంట్లో ఆకుపసరు పిండించుకుంటున్నారు. పోయిన నెల అయిదుగురు మళ్ళీ రాలేదు.”

“నిజమే,” అన్నారు మేడమ్ మజ్జిగ కలుపుకుంటూ.

“ఏదో ఒకటి కచ్చితంగా చెప్పాలి కదా మేడమ్!”

“కచ్చితంగా తెలిస్తే చెప్పు.”

అంతే. ఆవిడ అంతకుమించి మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే ఈ కథ ఇంతదాకా వచ్చేది కాదేమో. ఆ మాట నేనంటే బాగోదు.

నేనెవరినంటారా? భూషణాన్ని. పాలకొల్లులో ఆ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా చూపు పరీక్ష నాదే. గోడకి ఓ లైటు పెట్టె. దానికి తెల్లటి పాలగాజు. దాని ముందు గాడిలో అక్షరాల పలక. పైన ఒకే ఒక్క పెద్ద ‘గ’, కిందికొచ్చేకొద్దీ అక్షరాలు చిన్నవై, ఏడో వరస దగ్గర చీమల బారు. ఓ కన్ను మూసి రెండో కంటితో చదివిస్తాను. ఎన్నో వరస దాకా చదివితే అంత చూపున్నట్టు. నేను గురువునీ కాదు, శిష్యుణ్ణీ కాదు. కానీ ఈ పాపంలో నాకూ వాటా ఉంది కాబట్టి నేనే చెప్పాలి.

హేమచంద్ర ఊరుకోలేదు. ఆసుపత్రిలో ఉన్న మూడేళ్ళ పాత కేసు కాగితాలన్నీ దులిపి ముందేసుకున్నాడు. వయసెంత, నాళం మూసుకుని ఎన్నాళ్ళయింది, స్కాన్‌లో వాపు ఎంత మందం, లోపలి పొర చెక్కుచెదరకుండా ఉందా లేదా, అన్నీ కలిపి ఓ లెక్క కట్టాడు. ఆ లెక్క ప్రకారం మూడు ఇంజెక్షన్లయ్యాక ఎవరికి ఎన్నో వరస దాకా చూపొస్తుందో ముందే చెప్పేయొచ్చట.

“పదిమందిలో ఎనిమిదిమందికి కుదిరింది భూషణం గారూ,” అన్నాడు కళ్ళు మెరిసిపోతూ.

“మరి ఆ ఇద్దరి సంగతో?”

“వాళ్ళు టైముకి రాలేదు.”

ఆహా, అనుకున్నాను.

ఆ రోజు నుంచి ప్రతి పేషెంటు కార్డు మీదా ఎర్ర సిరాతో ఓ అంకె వేసి, చుట్టూ సున్నా చుట్టేవాడు. నాలుగంటే నాలుగో వరస. ఆరంటే ఆరో వరస. అతని లెక్క పనిచేసింది కూడా. వాళ్ళకో గమ్యం కనిపించిందేమో, జనం ఆపకుండా రావడం మొదలెట్టారు. పసరు వైద్యం తగ్గింది. మేడమ్ అది చూశారు, ఊరుకున్నారు.

కానీ వరండాలో బల్ల మీద కథ వేరేగా నడిచేది. “నీకెంతేశాడు?” “నాలుగు.” “అయ్యో, నాకు ఆరేశాడే!” పరీక్ష పేపర్లు పంచిన క్లాసు గదిలా ఉండేది. ఆరు వేయించుకున్న ఆచంట తాత ఒకాయన మూడో ఇంజెక్షన్ తర్వాత నాలుగు దగ్గరే ఆగిపోయాడు. కుర్చీలోంచి లేచి హేమచంద్రకి రెండు చేతులూ జోడించాడు. “తప్పానండి బాబూ,” అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్విన నోరు కడుక్కోవాలనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే మంగతాయారు వచ్చింది. నరసాపురం పక్క పల్లె. యాభై దాటాయి. ఎనిమిదో ఏట నుంచీ లేసు అల్లడమే పని. చిన్నప్పుడు చీపురుపుల్ల గుచ్చుకుని కుడికన్ను పోయింది. ఎడమకన్ను ఒక్కదానితోనే ఇన్నాళ్ళూ దారం, కొక్కెం సూది, వాటి మధ్య గోరంత ఖాళీలు చూసుకుంటూ బతికింది. ఓ తెల్లారి లేచేసరికి ఆ కంట్లోనూ నడిమధ్య మసి పూసినట్టయింది. నాళం మూసుకుపోయింది.

నేను చదివిస్తే ‘గ’ అంది. రెండో వరస దగ్గర తడుముకుంది. అంతే.

“సూది పట్టకపోతే నేనెందుకండీ ఇంట్లో? పొయ్యి దగ్గరికీ పనికిరాను, లేసుకీ పనికిరాను,” అంది. ఏడవలేదు. ధర అడిగినట్టు అడిగింది. ఆవిడ ఎడమ చూపుడువేలి మీద దారం ఒరుసుకుని ఒరుసుకుని కాయ కట్టి, దాని మధ్య సన్నటి గాడి పడి ఉంది. హేమచంద్ర ఆ వేలిని చూశాడు. స్కాన్ చూశాడు. లెక్క చూసుకున్నాడు.

“మూడు ఇంజెక్షన్లమ్మా. అయిదో వరస చదువుతారు. మళ్ళీ సూది పడతారు. పూచీ నాది.”

కార్డు మీద ఎర్రగా అయిదు వేశాడు. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుంది.

మొదటి ఇంజెక్షన్ అయ్యాక నెలకి వచ్చి మూడో వరస చదివింది. రెండోది అయ్యాక నాలుగు. మూడోది అయ్యాక, హేమచంద్ర నా వెనకే నిలబడి ఉండగా, గుక్క తిప్పుకోకుండా అయిదో వరస అప్పజెప్పింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

అక్కడే నేను ఆగి ఉండాల్సింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. కొత్తగా చూపొచ్చినవాడు చివరి వరసలో తడబడతాడు. ‘ద’ని ‘ఠ’ అంటాడు, మెడ వంకరపెడతాడు, కళ్ళు చికిలిస్తాడు. ఈవిడ దండకం చదివినట్టు చదివేసింది. నా మనసుకి ఏదో తట్టింది కూడా. కానీ పక్కన ఆ కుర్రాడి మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. పోనీలే, మనకెందుకు అనుకున్నాను.

స్కాన్‌లో వాపు కూడా పోయింది. హేమచంద్ర ఎగిరి గంతేసినంత పని చేశాడు. “ఇక నెలనెలా రానక్కర్లేదమ్మా. మూడు నెలలాగి రండి,” అని చెప్పి, ఆవిణ్ణి బల్ల మీద కూర్చోమని, ఆవిడ కార్డూ స్కానూ పట్టుకుని మేడమ్ గదికి వెళ్ళాడు. వెనకే నేనూ.

“మేడమ్, ఇక చూద్దాం అనక్కర్లేదు.”

మేడమ్ స్కాన్ వంక చాలాసేపు చూశారు.

“చేలో నీళ్ళు తీసేశావు. బాగుంది. నారు బతికిందా?”

“అయిదో వరస చదివింది మేడమ్!”

“లేసు అల్లుతోందటా?”

హేమచంద్ర నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను.

“అడగలేదు మేడమ్,” అన్నాడు. “అయిదో వరస చదివినావిడ అల్లలేకపోవడమేంటి?”

మేడమ్ కార్డు తిరిగిచ్చేశారు. దాన్ని నేనే తీసుకెళ్ళి మంగతాయారు చేతిలో పెట్టి ఇంటికి పంపేశాను.

రెండు నెలలు గడిచాయి. విజయవాడలో కంటి డాక్టర్ల సభ ఒకటి వచ్చింది. తన లెక్క గురించి అక్కడ మాట్లాడమని హేమచంద్రని పిలిచారు. అతని కాళ్ళు భూమ్మీద నిలవలేదు. నలభైమంది లెక్కల్లోనూ మంగతాయారుది మణిపూస కదా, ఆవిడ లేసు అల్లుతున్న ఫొటో ఒకటి తెర మీద వెయ్యాలన్నాడు. నా చేత ఫోన్ చేయించాడు. సూదీ దారం తెచ్చుకోమని మరీ మరీ చెప్పించాడు.

ఆవిణ్ణి తోడికోడలు ఆటోలో తెచ్చి గుమ్మం దగ్గర దింపి బజారుకి పోయింది. మంగతాయారు గోడ పట్టుకుని లోపలికొచ్చింది. కొత్త చీర కట్టుకుంది, పాపం, ఫొటో అని.

వరండాలో కిటికీ పక్కన కూర్చోబెట్టారు. సంచిలోంచి సగం అల్లిన లేసు గుడ్డ తీసింది. హేమచంద్ర సెల్‌ఫోన్ పట్టుకుని, “కొంచెం అల్లండమ్మా, అలా, సూది వంక చూస్తూ,” అన్నాడు. ఆవిడ తలొంచి రెండు మూడు గొలుసు కుట్లు వేసింది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.

అప్పుడే మేడమ్ రౌండ్స్ ముగించుకుని అటు వచ్చారు. వచ్చినావిడ ఫొటో చూడలేదు. మంగతాయారు ముందు కూర్చుని ఆవిడ ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు. చూపుడువేలి మీద బొటనవేలితో నెమ్మదిగా రాశారు. కాయ లేదు. గాడి లేదు. వేలు చంటిపిల్ల వేలంత మెత్తగా ఉంది. కుడి మణికట్టు మీద మాత్రం కాలిన మచ్చ, ఇంకా పచ్చిగానే ఉంది.

“ఏమ్మా, ఇదేంటి?”

“పొయ్యి మీద గిన్నె ఇటుందనుకున్నానండి. అటుంది.”

మేడమ్ లేచారు. “భూషణం, చదివించు.”

గదిలోకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాను. లైటు పెట్టె వేశాను. అలవాటు కొద్దీ, పోయిన కన్నే అయినా, కుడికన్ను మీద మూత పెట్టాను. హేమచంద్ర తలుపు దగ్గర నిలబడ్డాడు. మేడమ్ వెళ్ళి లైటు పెట్టె పక్కన గోడకానుకుని నిలబడ్డారు.

“గ,” అంది మంగతాయారు. “ర, ప.”

“ఊఁ.”

“న, డ, ల.”

మేడమ్ చెయ్యి చాపారు. గాడిలోంచి అక్షరాల పలకని చప్పుడు కాకుండా పైకి లాగేశారు. పెట్టెకి ఇప్పుడు ఉత్త పాలగాజు. తెల్లగా వెలుగుతోంది. దాని మీద అక్షరం ముక్క లేదు.

“ట, ద, వ, క,” అంది మంగతాయారు ఆ తెల్లటి గాజు వంక చూస్తూ.

నేను ఉత్త గాజు వంకా, ఆవిడ మొహం వంకా చూశాను.

“ఠ, స, చ, మ, బ,” అని ఆవిడ ముగించింది. అదే లయ. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఆ వెంటనే తలుపు వైపు తిరిగింది.

“అయిదో వరసే కదండీ? పాసయినట్టేనా బాబూ?”

పలక మేడమ్ చేతిలో ఉంది. హేమచంద్ర దాన్నే చూస్తున్నాడు.

మేడమ్ కుర్చీ దగ్గరికొచ్చి మూత తీశారు. “ఎవరు నేర్పారమ్మా?”

ఆవిడకి అర్థమైపోయింది. చేతిలో లేసు గుడ్డని ఉండలా నలిపేసుకుంది.

“ఎవరూ నేర్పలేదండి. బల్ల మీద కూర్చుంటే ముందువాళ్ళు చదివేది వినబడతాది కదండీ. మాకు లేసు డిజైన్ ఒకళ్ళు పైకి చెబుతారు. ఇన్ని గొలుసులు, ఇన్ని ఖాళీలు అని. ఒకసారి వింటే నోటికొచ్చేస్తాది. అలాగే ఇదీ వచ్చేసింది.”

నిజమే. గదిలో ఉక్క. ఫాను పాడై రెండేళ్ళయింది. తలుపు తీసే పెట్టేవాణ్ణి. మార్చి మార్చి పెట్టడానికిచ్చిన రెండో పలక ఇంగ్లీషుది, ఎవరూ చదవలేరని అటక మీద పడేశాను. ఇరవై రెండేళ్ళుగా అదే ‘గ’, అదే ‘ర, ప’. ఊళ్ళో సగం మందికి నోటికొచ్చి ఉంటుంది.

“మరి కనపడట్లేదని ఎందుకు చెప్పలేదమ్మా?” హేమచంద్ర లోపలికొచ్చి అడిగాడు.

“ఎలా చెప్పనండీ? తమరు అంత నమ్మకంగా రాసిచ్చారు. బల్ల మీద అందరూ మాకొచ్చింది, మాకొచ్చిందంటున్నారు. నాకొక్కదానికీ రాలేదంటే తప్పు నాదే కదండీ. నేనే సరిగ్గా చూడట్లేదేమో అనుకున్నాను. ఇవాళ కాకపోతే రేపొస్తుంది, అప్పటిదాకా బాబు మాట నిలబెడదామనుకున్నాను.”

“ఇంట్లో చెప్పావా?” అన్నారు మేడమ్.

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను.

“చెప్పానండి. మా ఆయన కార్డు తీసి చూపించాడు. డాక్టరు అయిదో వరసని రాశాడు, నువ్వేమో సూది పట్టనంటావు, ఒళ్ళొంగక నాటకాలాడుతున్నావు అన్నాడు. మా కోడలూ అదే అంది. నేనింకేం అంటాను?”

మేడమ్ ఆవిడ తల మీద చెయ్యి వేసి ఉంచారు. “నా దగ్గర కార్డు ఉన్న రోజే పిలిపించాల్సింది నేను,” అన్నారు. ఎవరితో అన్నారో తెలీదు.

అప్పటికప్పుడు స్కాన్ తీశారు. రెండు నెలలు ఇంజెక్షన్ లేదు కదా, వాపు మళ్ళీ పొంగింది, మొదటి రోజుకన్నా ఎక్కువగా. మేడమ్ ఆ బొమ్మని హేమచంద్ర ముందు పెట్టారు.

అతను దాన్ని చూసి చూసి, చివరికి నోరు తెరిచాడు.

“మేడమ్... నెలనెలా ఇంజెక్షన్ ఆపకుండా వేసుంటే, చూపు వచ్చేదా?”

మేడమ్ అతని వంక చూశారు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది.

“నీ లెక్క ఏమంటోంది?”

కుర్రాడు తల దించేసుకున్నాడు. విజయవాడ నుంచి ఎవరో ఫోన్ చేస్తున్నారు. జేబులో మోగి మోగి ఆగిపోయింది.

మేము మళ్ళీ చూపు గదిలోకి వచ్చేసరికి మంగతాయారు అలాగే కూర్చుని ఉంది, తెల్ల గాజు ఎదురుగా. లైటు పెట్టె ఆపడం ఎవరికీ గుర్తులేదు.

“మళ్ళీ ఇంజెక్షన్లు వేద్దామమ్మా,” అన్నాడు హేమచంద్ర. “ఇవాళే మొదలెడదాం.”

చూపొస్తుందా అని ఆవిడ అడగలేదు. అడుగుతుందని మేం ముగ్గురం ఎదురుచూశాం. ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి, తడుముకుని, కార్డు తీసి అతని వైపు చాపింది. అతను కాస్త పక్కకి ఉన్నాడు. కార్డు గాల్లోకి వెళ్ళింది. అతనే జరిగి అందుకున్నాడు.

“ఆ అయిదు కొట్టేసి సంతకం పెట్టండి బాబూ,” అంది. “మా ఇంట్లో నా మాట నమ్మరు. మీ రాత నమ్ముతారు.”

అతను పెన్ను తీశాడు. కొట్టేశాడు. ఎర్ర సున్నా మీద నల్ల గీత. సంతకం పెట్టాడు. తర్వాత పెన్ను కార్డు మీదే ఆగిపోయింది. కొట్టేసిన అంకె పక్కన ఏదో ఒకటి రాయాలి కదా. మూడు రాయాలా, రెండు రాయాలా, ఏ అంకె రాయాలి? అతను మేడమ్ వైపు తిరిగాడు.

“ఏం రాయమంటారు మేడమ్?”

“నన్నెందుకు? ఆవిణ్ణి అడుగు.”

హేమచంద్ర నా స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా, మోకాళ్ళు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. ఇన్ని నెలల్లో ఆవిడ ముందు అతను కూర్చోడం అదే మొదటిసారి.

“మీకేం కనబడుతోందమ్మా?”

ఆవిడ అతని వైపు చూసింది. చాలాసేపు చూసింది. చదివేటప్పుడు ఎన్నడూ పడని తడబాటు ఇప్పుడు పడింది. మెడ అటు వంచింది, ఇటు వంచింది, కన్ను చికిలించింది.

“చొక్కా కనబడతందండి,” అంది. “తెల్లదే అనుకుంటాను. చెవులున్నాయి. జుట్టుంది. మధ్యలో మీ మొహం లేదు బాబూ.”

పెన్ను కదల్లేదు.

“అదే రాయి,” అన్నారు మేడమ్.